వాచిన బుగ్గకి వెండి నాణెం

కొర్ర సుక్రుకి పంటినొప్పి వచ్చింది. రావడం తప్పేమీ కాదు, పళ్లున్న ప్రతివాడికీ వస్తుంది. కానీ రాకరాక అది మామిడికొత్త పండగకి మొహం చెక్కే రోజున, సుక్రు బాడిస చేతబట్టి కూర్చున్నాక వచ్చింది. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

సుక్రుది తుంబిగుడ. కొండమీద చిన్న ఊరు. అక్కడ ఏడాదికో చెక్క మొహం చెక్కుతారు. చెక్కేవాడు సుక్రు, అతనికి ముందు వాళ్ల నాన్న. అద్దం చూసుకోకూడదు, ముందుగా బొమ్మ గీసుకోకూడదు. బూరుగు చెక్కని రెండు పాదాల మధ్య బిగించి, ఎడమచేత్తో తన మొహం తడుముకుంటూ కుడిచేత్తో చెక్కాలి. చేతికి ఎత్తు తగిలితే ఎత్తు, పల్లం తగిలితే పల్లం. ఆ మొహం పెట్టుకుని ఒకడు ఆడాకే ఊళ్లో ఎవరైనా మామిడిపండు నోట పెట్టాలి. తర్వాత ఏడాది పొడుగునా అది అమ్మవారి పాకలో వేలాడుతుంది. మళ్లీ మామిడి పూత నిలిచాక దాన్ని తీసుకెళ్లి ఊరి బయట పుట్టమీద బోర్లిస్తారు. చెదలు తినేస్తాయి. మొహంతోపాటు ఆ ఏడాది ఊళ్లోవాళ్లకి పట్టిన నొప్పుల్నీ తినేస్తాయని నమ్మకం. పాతది పోయాక కొత్తది చెక్కుతారు.

ఆ ఏడు సుక్రు ఎడమ బుగ్గ నిమ్మకాయంత వాచింది. చెయ్యి అబద్ధం చెప్పదు కదా, మొహానికీ నిమ్మకాయంత బుగ్గ వచ్చింది. కన్ను ఒకటి సగం మూసుకుపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది. సుక్రు తన పనితనం గురించి తక్కువ మాట్లాడే మనిషి కాదు. సంతలో ఎవరు దొరికినా తన చేతి గొప్ప చెప్పి గానీ వదలడు. అలాంటివాడు ఆ ఏడు మాత్రం పండగనాడు పాక వెనక్కిపోయి కూర్చున్నాడు.

"అమ్మోరికి చూపించడానికి నీకు ఇంతకంటే మంచి మొకం దొరకలేదా?" అంది భార్య బుద్రి.

"ఏడాది ఓపిక పట్టే. పుట్ట తినేస్తది. మొకమూ పోద్ది, నొప్పీ పోద్ది" అన్నాడు సుక్రు.

ఏడాదంతా నొప్పి వస్తూ పోతూ ఉంది. పీకించుకోమని బుద్రి పోరుతూనే ఉంది. సుక్రుకి పట్టకారు అంటే భయం. ఆ మాట ఒప్పుకోలేక పుట్ట పేరు చెప్పి నెట్టుకొచ్చాడు. చివరికి మామిడి పూత నిలిచింది. ఆ వాచిన మొహాన్ని తానే మోసుకెళ్లి పుట్టమీద బోర్లించి, పీడా వదిలిందనుకుని వెనక్కి తిరిగేసరికి జీపు వచ్చి ఆగింది.

జీపు ఎందుకొచ్చిందో చెప్పాలి. ఎక్కడో చలిదేశంలో అక్కడి ఆదివాసుల చెక్క ముసుగుల్ని వెండి నాణేల మీద అచ్చేశారని, సేకరించేవాళ్లు వాటికోసం ఎగబడ్డారని స్మారక నాణేల సంస్థ ఛైర్మన్ చంద్రమౌళీశ్వరరావుగారు విమానంలో ఇచ్చిన పత్రికలో చదివారు. విమానం దిగేలోపే మనకీ అలాంటి నాణెం ఉండాలని నిశ్చయించేశారు. మన కొండల్లో అసలు ముసుగులున్నాయా లేవా అన్న సంగతి కనుక్కునే పని సాంస్కృతిక సమన్వయాధికారిణి సుహాసినిగారికి అప్పజెప్పారు. సుహాసినిగారు కష్టపడే మనిషి. మూడు కొండలెక్కి దిగి, మోకాళ్లు పట్టేసి, నాలుగో కొండమీద పుట్టమీద బోర్లా పడున్న మొహాన్ని చూసి పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు దీన్ని ఇలా పారేసింది?" అన్నారు, రెండు చెదలు దులిపి దాన్ని గుండెకి హత్తుకుంటూ.

"పారెయ్యలేదమ్మా, పెట్టాం. అవి తినాల" అన్నాడు సుక్రు.

"వారసత్వ సంపదని చెదలకి పెడతారా?"

"అవి ఇంకేటీ తినవమ్మా."

సుహాసినిగారు వినలేదు. అది బాగా లేదనీ, కావాలంటే పది రోజుల్లో మంచిది చెక్కి ఇస్తాననీ సుక్రు బతిమాలాడు. తన చేతిపని బాగాలేదని సుక్రు ఒకరితో అనడం అదే మొదటిసారి. ఆమె దాన్ని కళాకారుడి వినయం అనుకున్నారు. మొహం మెత్తటి గుడ్డలో చుట్టుకుని జీపెక్కింది. ఆ రాత్రి సుక్రు బుగ్గ మళ్లీ వాచింది.

"మరి వాయదా? పుట్ట నోటికాడిది లాగేసుకుపోయారు. అది గాజుపెట్టెలో కూకున్నంత కాలం నొప్పి నీ బుగ్గలో కూకుంటది" అంది బుద్రి. ఊరంతా అదే అంది.

నెల తిరక్కుండా సుక్రుని పట్నం పిలిపించారు. చల్లగదిలో పొడుగుబల్ల చుట్టూ సౌందర్య నిర్ణయ ఉపసంఘం కూర్చుని ఉంది. బల్ల మధ్య గాజుపెట్టెలో తన మొహం. సుక్రు దానికేసి చూడలేక కిటికీలోంచి బయటికి చూశాడు.

ఎడమ బుగ్గ ఉబ్బు విషయమై ఉపసంఘం అప్పటికే రెండుసార్లు భోజనం చేసి చర్చించింది. అది కొండ వెనక ఉదయించే చంద్రుడని ఒక పెద్దాయన అన్నారు. కాదు, నేలలో ఉబ్బుతున్న విత్తనమని ఇంకొకాయన. అణచిపెట్టిన ధిక్కారం ఒక చెంప నిండా పేరుకుందని మూడో ఆయన అంటూ కళ్లజోడు తుడుచుకున్నారు. మాట తేలక చెక్కినవాణ్ణే అడిగారు.

"దవడ పన్ను పుచ్చిందండి" అన్నాడు సుక్రు.

మూడో ఆయన తుడిచిన కళ్లజోడే మళ్లీ తుడుచుకున్నారు.

"ఎంత గూఢంగా చెప్పాడో చూశారా" అన్నారు ఛైర్మన్‌గారు తేరుకుని. "కాలం పుచ్చిపోతున్నదని అతని భావం."

"కాలం కాదు బాబూ, ఇదిగో ఇదండి" అని సుక్రు నోరు తెరిచి వేలెట్టి చూపించాడు. ఉపసంఘం లేచి వంతులవారీగా తొంగిచూసింది. తర్వాత మొహం బుగ్గనీ మనిషి బుగ్గనీ కొలిచారు. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. ఛైర్మన్‌గారి కళ్లు చెమర్చాయి.

"ఇంతటి ప్రామాణికత నేను నా సర్వీసులో చూడలేదు. మూలం సజీవంగా మన మధ్య ఉంది" అన్నారాయన.

ఆ మాట అన్నది ఆయనే అయినా, అనుభవించింది సుక్రు. నాణెం ఒకటి వేసి ఊరుకోవడం కాదట, ఏటా ఒకటి వేస్తారట. ఏటా వేసే నాణెం ఆ ఏటి మొహంతో సరిపోవాలి. అన్ని నాణేలూ మొదటి నాణెంతో సరిపోవాలి, లేకపోతే వరుస చెడిందని సేకరించేవాళ్లు ఒప్పుకోరు. కాబట్టి సుక్రు ఇకమీదట చెక్కే ప్రతి మొహానికీ అదే బుగ్గ, అదే ఉబ్బు ఉండాలి. మొహం తడుముకుని చెక్కడం ఆచారం కాబట్టి, ఆచారానికి భంగం రాకుండా ఉబ్బు ముందు సుక్రు మొహాన ఉండాలి. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఒక్కో మెట్టూ న్యాయంగానే ఉంది, చివరి మెట్టు మీద సుక్రు పన్ను ఉంది.

సుక్రు ఇవేవీ ఆలోచించలేదు. తిరుగు బస్సు గోతుల్లో పడినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది. కొండ కింది ఊళ్లో దిగీదిగగానే, పట్టకారు భయం కూడా మర్చిపోయి, సర్కారు ఆస్పత్రిలో పళ్ల డాక్టరు జాషువాగారి కుర్చీలో వాలిపోయాడు.

"పీకెయ్యండి బాబూ" అని కళ్లు మూసుకున్నాడు.

జాషువాగారు చిన్న వయసువాడు, మంచివాడు. మందు సూది సిద్ధం చేసి, పట్టకారు కడుగుతుండగా ఫోన్ మోగింది. ఆ వెనకే ఫోన్‌లోకి ఉత్తర్వు వచ్చింది. ఆయన దాన్ని ఒకసారి లోపల చదువుకుని, నమ్మకం కుదరక మళ్లీ పైకి చదివారు.

"స్మారక నాణెముపై ముద్రితమగు ముఖాకృతిని పోలి, ఎడమ చెక్కిలి ఉబ్బియున్న ఏ వ్యక్తి యొక్కయు దవడ దంతమును, సంస్థ సర్వసభ్య అనుమతి లేనిదే, ఏ దంతవైద్యుడును తొలగించరాదు. సదరు దంతము తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము యథాస్థితిలో కొనసాగవలెను."

"నా పేరు లేదు కదండీ అందులో" అన్నాడు సుక్రు ఆశగా.

పేరు పెడితే ఒక్క మనిషిని వేరు చేసినట్టవుతుందని న్యాయ సలహాదారు అన్నారట. అందుకని ఎవరికైనా వర్తించేలా రాసి, ఎక్కడా ఏ సందూ ఉండకూడదని ఆస్పత్రులన్నిటికీ, పెద్దవాటికీ చిన్నవాటికీ, పంపించేశారు. జాషువాగారు పట్టకారు సొరుగులో పెట్టేశారు. పోనీ పాపమని దూదిమీద లవంగ నూనె వేసి ఇచ్చారు. దానికి ఆయనకి మెమో వచ్చింది, యథాస్థితికి భంగం కలిగించే ద్రవపదార్థమును ప్రయోగించినందుకు.

మెమోతోపాటు పదవి కూడా వచ్చింది. ఆయన్ని దంత సంరక్షణాధికారిగా వేశారు. వారం వారం కొండెక్కి సుక్రు బుగ్గ కొలిచి పట్నం పంపాలి. ఒక వారం వాపు తీసింది. సుక్రు ఇంట్లో పండగలా ఉంది, గంజి కాకుండా అన్నం తిన్నాడు. పట్నంలో గగ్గోలైపోయింది. అత్యవసర సమావేశం పెట్టి, సుహాసినిగారి చేత బుట్టెడు బెల్లం మిఠాయి పంపించారు. కళాకారుడు ఎడమవైపున నమలవలెనని చీటీ అంటించారు. సుక్రుకి బెల్లం అంటే ప్రాణం. తినకూడదనుకుంటూనే తిన్నాడు. వాపు మళ్లీ వచ్చింది, సంస్థ ఊపిరి పీల్చుకుంది.

ఇటు ఊళ్లో మామిడి పండింది. చెట్లకింద నేల పసుపు పచ్చగా మారింది. పాత మొహం పుట్టకి పోలేదు కాబట్టి కొత్త మొహం లేదు. కొత్త మొహం లేదు కాబట్టి పండగ లేదు. పండగ లేదు కాబట్టి పండు ముట్టకూడదు. మనుషులు దూరంగా నిలబడి వాసన చూస్తుంటే ఎలుగుబంట్లు వచ్చి తిని, అక్కడే పడుకుని, లేచి మళ్లీ తిన్నాయి. ఎలుగులకి మామిడికొత్త పండగ లేదు.

ఊరి పెద్దలు సుక్రు ఇంటికొచ్చారు. "పోనీ పాతది పోకపోయినా సరే, ఆ వాపుతోనే కొత్తది చెక్కెయ్యరాదా, పిల్లలు చెట్లకేసి చూసి ఏడుస్తున్నారు" అన్నారు.

సుక్రు బుగ్గ తడుముకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా నాయిన చెక్కిన మొకాలు అమ్మోరు ముందు నవ్వేవి. నాను ఒకసారి ఏడుపు మొకం చెక్కాను, పోనీలే అనుకున్నాను. ఏటేటా అదే చెక్కమంటే మన ఊరి మొకమే అదైపోద్ది. నాకు సిగ్గుగా ఉంది." అలా అంటూ నిజంగానే ఏడ్చాడు. నొప్పికా సిగ్గుకా అని బుద్రి అడగలేదు. పెద్దలు తలలు వంచుకుని వెళ్లిపోయారు.

నాణెం ఆవిష్కరణకి పిలుపొచ్చింది. మూలాన్ని వేదికమీద సజీవంగా ప్రదర్శించవలెనని రాశారు. సుక్రు వెళ్లనన్నాడు. బుద్రి అతని తుండు సర్ది, "పద, నేనూ వస్తాను. మొకం ఇచ్చెయ్యమని ఆ ఛైర్మన్ ఎవరో ఆయన కాళ్లే పట్టుకుందాం. కాళ్లు పట్టుకుంటే ఇయ్యనివాళ్లు ఉంటారేటి" అంది. బుగ్గ కొలిచేందుకు జాషువాగారు కూడా పెట్టె పట్టుకుని వెంట వచ్చారు.

పట్నంలో పెద్ద హాలు. వేదిక మీద ఒక పక్క గాజుపెట్టెలో మొహం, దాని పక్కన కుర్చీలో సుక్రు. వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత ఇతన్ని చూసి, అచ్చం దిగిపోయిందనుకుంటూ కూర్చున్నారు. ఛైర్మన్‌గారు పట్టుగుడ్డ లాగి వెండి నాణెం పైకెత్తారు. ఎడమ బుగ్గ మిలమిల మెరిసింది. చప్పట్లు మోగాయి.

ఫొటోవాళ్లు ముందుకొచ్చారు. ఆటల్లో గెలిచినవాళ్లు పతకం కొరికినట్టు కొరకమన్నారు. ఛైర్మన్‌గారు ఎన్నడూ ఏ ఆటలోనూ గెలవలేదు. ఆ ముచ్చట తీర్చుకోవాలనుకున్నారో ఏమో, నాణెం ఎడమ దవడ కింద పెట్టి గట్టిగా కొరికారు. మంచి వెండి, దళసరి నాణెం. ఆయన దవడ పంటికి తొడుగు ఉందని ఆయనకీ ఆయన డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. టక్కుమని శబ్దం మైకులో వినబడింది. ఫొటోలు బాగా వచ్చాయి.

ఆయన చెయ్యి బుగ్గమీద వేసుకుని కూర్చున్నారు. లేచి వెళ్లడానికి లేదు, ఇంకా ఉపన్యాసాలున్నాయి. చంద్రబింబం పెద్దాయన మాట్లాడారు, విత్తనం ఆయన మాట్లాడారు, ధిక్కారం ఆయన అందరికంటే ఎక్కువ మాట్లాడారు. వందన సమర్పణ వేళకి ఛైర్మన్‌గారి ఎడమ బుగ్గ నిమ్మకాయంత అయింది. కన్ను ఒకటి సగం మూసుకుపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది. సుక్రు పక్కకి తిరిగి చూశాడు. తను చెక్కిన మొహాన్ని మళ్లీ చూసినట్టయింది. ఆయన మీద అతనికి కోపం రావాలి, కానీ జాలేసింది. ఆ నొప్పి ఎలాంటిదో అతనికి తెలుసు.

సభ ముగియగానే తెరవెనక్కి జాషువాగారిని లాక్కెళ్లారు.

"పీకెయ్యవయ్యా, ప్రాణం పోతోంది" అన్నారు ఛైర్మన్‌గారు.

జాషువాగారు నాణెం తెప్పించి ఆయన మొహం పక్కన పెట్టి చూశారు. బుగ్గ కొలిచారు. పెట్టె మూసేశారు.

"వీల్లేదండి. ముఖాకృతిని పోలి ఉంది. సంస్థ అనుమతి కావాలి."

"సంస్థ అంటే నేనేనయ్యా."

"సర్వసభ్య అనుమతి అని ఉందండి. లవంగ నూనెకే నాకు మెమో వచ్చింది."

ఛైర్మన్‌గారు సుహాసినిగారి వైపు చూశారు. ఆమె ఉత్తర్వు తెరిచి, ఎక్కడైనా సందు ఉందేమోనని వెతికి, ఎక్కడా సందు లేకుండా రాయించింది మీరేనండి అన్నారు నెమ్మదిగా. సభ్యులందరూ భోజనాల దగ్గర ఉన్నారు. చేతులు కడుక్కోకుండానే తీసుకొచ్చారు. తెరవెనక మెట్లమీదే సర్వసభ్య సమావేశం జరిగింది. అజెండా ఒకటే, ఉత్తర్వు రద్దు. విత్తనం ఆయన ఏదో సవరణ చెప్పబోతే ఛైర్మన్‌గారు మూలిగిన మూలుగుకి ఆగిపోయారు. ఆయన నాణేన్నే బల్లగా కింద పెట్టుకుని, దానిమీద కాగితం పెట్టి సంతకం చేశారు.

"ఇంక కానివ్వు" అన్నారు.

"వరస ప్రకారం ముందు సుక్రు అండి. అతను మామిడి పూతప్పటి నుంచి ఆగాడు" అన్నారు జాషువాగారు. అంత ధైర్యం ఆయనకి ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకే తెలీదు.

సుక్రుని కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టకారు బయటికి తీశారు. అది చూసేసరికి ఇన్నాళ్లుగా మర్చిపోయిన భయం మొత్తం తిరిగొచ్చింది.

"కాసిన్ని మంచినీళ్లు తాగొస్తానండి" అన్నాడు.

"తీయించుకో నాయనా, నీకు దణ్ణం పెడతాను" అన్నారు ఛైర్మన్‌గారు, నిజంగానే చేతులు జోడించి.

కాళ్లు పట్టుకుందామని వచ్చిన బుద్రి ఆయన జోడించిన చేతులకేసి ఓసారి చూసి, వెళ్లి మొగుడి తల పట్టుకుంది. మందు ఎక్కాక పన్ను వచ్చేసింది. సుక్రు నోటినిండా దూది పెట్టుకుని బుగ్గ తడుముకున్నాడు. తర్వాతి వంతు ఛైర్మన్‌గారిది. ఆయన ఆ పట్టకారుకేసి, కొండకింది డాక్టరుకేసి చూసి, తన స్థాయికి తగినది కాదనుకుని, కారెక్కి నగరంలోకెల్లా పెద్ద ఆస్పత్రికి వెళ్లారు. అక్కడివాళ్లు ఆయన్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, బుగ్గ చూసి, గోడకి అంటించిన ఉత్తర్వు చూపించారు. ఉత్తర్వు అత్యవసరంగా పంపారు. రద్దు మామూలు టపాలో బయల్దేరింది.

మర్నాడు పత్రికల్లో రెండు ఫొటోలు పక్కపక్కన పడ్డాయి, నాణెం మీది మొహం, నాణెం పట్టుకున్న మొహం. ఛైర్మన్ తన బొమ్మనే వెండి మీద వేయించుకున్నారని పైన పెద్దక్షరాలు. ఆదివాసి పేరు చెప్పి ఎంత పనికి ఒడిగట్టాడని జనం తిట్టిపోశారు. కాదని చెప్పడానికి ఆయన బయటికి రావాలి, వస్తే ఆ మొహంతోనే రావాలి. నాణేలన్నీ వెనక్కి తెప్పించి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. గాజుపెట్టెలో మొహాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. సుహాసినిగారు ఒక రోజు సెలవు పెట్టి, దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ కొండెక్కారు.

పుట్టమీద ఆమే బోర్లించారు. చెదలు ఆకలిమీదున్నాయి. మొహం పోయిన మర్నాడు సుక్రు బూరుగు చెక్క పాదాల మధ్య బిగించాడు. ఎడమచెయ్యి బుగ్గమీద వేసుకుంటే నున్నగా తగిలింది. పన్ను పోయినచోట కాస్త లోపలికి దిగింది. అలాగే చెక్కాడు. బోసి నవ్వు మొహం వచ్చింది. సుక్రు దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగి, మా నాయిన కూడా ఇలాంటిది చెక్కలేదని చెప్పుకున్నాడు. అది అబద్ధమని బుద్రికి తెలుసు, అయినా ఊరుకుంది.

పండగ అయింది. ఎలుగులు మిగిల్చిన పళ్లు చాలానే ఉన్నాయి. సుక్రు మొదటి పండు ఎడమవైపునే నమిలాడు. రసం మోచేతిదాకా కారింది. పండగకని మళ్లీ కొండెక్కి వచ్చిన సుహాసినిగారికీ ఒకటి పెట్టి అడిగాడు.

"ఛైర్మన్ బాబుకి ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"ఇంకా వాపు తగ్గలేదు. రద్దు కాగితం ఆస్పత్రికి చేరలేదట."

సుక్రు నమలడం ఆపాడు.

"ఆ నాణెం మీ దగ్గరేటైనా ఉందా అమ్మా?"

కళాకారుడికి ఇవ్వవలసిన నాణెం ఒకటి, ఇవ్వడం మరిచిపోయినది, ఆమె సంచిలో ఉంది. తీసి ఇచ్చారు. సుక్రు దాన్ని తుండుతో తుడిచి, పుట్ట దగ్గరికి నడిచి, బుగ్గ కిందికి వచ్చేలా జాగ్రత్తగా బోర్లించాడు.

"చెదలు వెండి తింటాయా?" అంది బుద్రి వెనకనించి.

"తినవులే" అన్నాడు సుక్రు. "అయినా పెట్టాల. పాపం, దానిమీది మొకం ఇప్పుడు ఆయన్దే కదా."